దాసమ్మ మోకాళ్లకు పదకొండు సర్టిఫికెట్లు

మోకాళ్లు నొప్పి పుడితే డాక్టరు దగ్గరికి పరిగెత్తేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. మోకాలి నొప్పికి అసలైన మందు ట్రైనింగ్! అదీ అలాంటి ఇలాంటి ట్రైనింగ్ కాదు. టైలరు కొలతలు తీసి జాకెట్టు కుట్టినట్టు, మీ కెరీర్ కోసం, మీ వ్యక్తిత్వ వికాసం కోసం, మీకంటూ ప్రత్యేకంగా తయారుచేసిన కస్టమైజ్డ్ ట్రైనింగ్.

మోకాలికీ బోడిగుండుకూ ముడిపెడుతున్నానంటారా? ముడి పెట్టింది నేను కాదు మహాప్రభో! ధర్మవరంలో ఒక పట్టుచీరల షోరూం వాళ్లు పెట్టారు. ఆ షోరూం పేరు మాత్రం అడగకండి. చెబితే నన్ను కూడా ట్రైనింగ్‌కు పంపిస్తారు.

ఈ మందు వాడి చూసిన మనిషి పేరు దాసమ్మ. నలభై ఐదేళ్లుంటాయి. ఇరవై రెండేళ్లుగా ఆ షాపులో చీరలు చూపిస్తోంది. గుమ్మంలోకి అడుగుపెట్టిన మనిషిని చూసి, కొనడానికి వచ్చారో ఏసీ కోసం వచ్చారో చెప్పేయగలదు.

దాసమ్మ చేరిన కొత్తలో అది షోరూం కాదు, అంగడి. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పరుపులు, వాటి మీద ఉతికిన తెల్ల దుప్పట్లు. కస్టమర్లు చెప్పులు బయట విడిచి వచ్చి పరుపు మీద కూర్చునేవాళ్లు. ఎదురుగా దాసమ్మ బాసింపట్టు వేసుకుని కూర్చునేది. మడత విప్పి ఒక్క విసురు విసిరిందంటే, కొంగు పోయి సరిగ్గా పెళ్లికూతురు ఒళ్లో పడేది. ఇక ఆ పిల్ల ఆ చీర వదిలితే ఒట్టు!

యజమాని లక్ష్మీనరసయ్య కూడా ఆ పరుపు మీదే ఓ మూల కూర్చునేవాడు. మధ్యాహ్నం బేరాలు లేనప్పుడు బొరుగుల్లో ఉల్లిపాయ, కారం కలిపించి అందరికీ పంచేవాడు. ఆయన కొడుకు భరత్ బడి నుంచి వచ్చి ఆ చీరల మధ్యనే నిద్రపోయేవాడు. కస్టమరు అడిగిన చీర పిల్లవాడి తల కింద ఉంటే, వాడి నిద్ర చెడకుండా లాగడం దాసమ్మ ఒక్కదానికే చేతనయ్యేది. ఆ విద్యకు ఆమెకు ఏ సర్టిఫికెట్టూ లేదు.

ఆ భరతే పెరిగి పెద్దవాడై, బెంగళూరులో ఎంబీఏ చదివి, మూడేళ్ల క్రితం తిరిగొచ్చాడు. వచ్చీ రాగానే పరుపులు గోడౌన్లోకి పోయాయి. అంగడికి అద్దాలొచ్చాయి, ఏసీ వచ్చింది, నడుమెత్తు కౌంటర్లొచ్చాయి. పెనుకొండలో ఒక బ్రాంచి, హిందూపురంలో ఒక బ్రాంచి వెలిశాయి. ధర్మవరం గుమ్మంలో పట్టుచీరలు కట్టిన నాలుగు నిలువెత్తు బొమ్మలు నిలబడ్డాయి. వాటితోపాటే స్టాఫ్ అంతా నిలబడ్డారు.

పొద్దున తొమ్మిదిన్నరకు నిలబడితే షట్టరు దించేదాకా కూర్చోకూడదు. కస్టమరు ఉన్నా నిలబడాలి, లేకపోయినా నిలబడాలి. గోడకు ఆనుకోకూడదు. కౌంటరు మీద మోచెయ్యి పెట్టకూడదు. పైనుంచి పద్దెనిమిది కెమెరాలు చూస్తుంటాయి. తప్పేముంది? నిలబడితేనే కదా కస్టమరుకు గౌరవం!

మొదటి ఏడాది దాసమ్మ ఓర్చుకుంది. రెండో ఏడాదికి సాయంత్రాలు పాదాలు వాచి చెప్పుల్లో పట్టడం మానేశాయి. మూడో ఏడాదికి మోకాళ్లు గట్టిగా ఎదురు తిరిగాయి. ఇంటి మెట్లు రెండే రెండు. అవి ఎక్కడానికి కూడా గోడ పట్టుకోవాల్సి వచ్చింది. ఈ పని పోతే ఇంకో పని రాదు, ఈ కాళ్లతో ఈ పని సాగదు. అందుకని ఒకరోజు ధైర్యం చేసి లక్ష్మీనరసయ్య దగ్గరికి పోయింది.

“సావుకారీ, కాళ్లు కంబాలయిపాయ. ఆ కౌంటరెనక ఒగ స్టూలు ఏపిచ్చండి. కస్టమర్లు లేనప్పుడు రెండు నిమిషాలు కూకుంటా.”

“దాంట్లో ఏముండాదమ్మా! ఏపిస్తా. మా అబ్బోనికి ఒగ మాట చెప్తా” అన్నాడు పెద్దాయన.

ఆ ఒక్క మాట దగ్గర స్టూలు ఆగిపోయింది.

భరత్ చెడ్డవాడు కాదు సుమండీ! దాసమ్మ అంటే ప్రాణం. ఆమె మాట వినగానే కేబిన్‌లోకి పిలిపించాడు. తను కూర్చున్నాడు. ఆమె చెప్పిందంతా శ్రద్ధగా విన్నాడు. ఆమె నిలబడే చెప్పింది.

“దాసమ్మక్కా, నీకు కావాల్సింది స్టూలు కాదు. గ్రోత్! స్టూలిస్తే రెండు నిమిషాలు కూర్చుంటావు. అదే ట్రైనింగిస్తే జీవితమంతా నిలబడతావు!”

“జీవితమంతానా చిన్న సావుకారీ?” అంది దాసమ్మ.

దాహమేసి నీళ్లడిగితే ఈత నేర్పించే యజమాని ఎంతమందికి దొరుకుతాడు చెప్పండి! మనం మాత్రం ఎప్పుడు చూసినా జీతం పెంచలేదు, సెలవివ్వలేదు అని ఏడుస్తుంటాం. ఇంత పెద్ద మనసును గుర్తించం.

అలా రంగంలోకి దిగాడు చైతన్య. బెంగళూరు ట్రైనర్. పుట్టింది కర్ణాటక సరిహద్దులో, మడకశిర పక్కన కాబట్టి వాక్యం తెలుగులో మొదలుపెట్టి, కన్నడలో నడిపించి, ఇంగ్లిషులో దించేవాడు. “నేను రెడీమేడ్ ట్రైనింగ్ ఇవ్వను” అన్నాడు మొదటిరోజే. “ముందు స్టాఫ్ అవసరం తెలుసుకుంటాను. దానికి తగ్గట్టు కోర్సు తయారుచేస్తాను.” ఇంతకంటే న్యాయం ఏముంటుంది?

మూడు బ్రాంచీల్లో కలిపి ఇరవై ఆరుమందికి ఫారాలు పంచాడు. అందులో ఆఖరి ప్రశ్న: ‘మీరు ఎదగడానికి కంపెనీ నుంచి మీకు ఏం కావాలి?’

ఇరవై ముగ్గురు ‘స్టూలు’ అని రాశారు. ఇద్దరికి ఆశ ఎక్కువ, ‘కుర్చీ’ అని రాశారు. పెనుకొండ బ్రాంచి గిరి ఒక్కడు ‘గోడకు ఆనుకునేదానికి పర్మిషన్’ అని రాశాడు.

చైతన్య ఈ ఫారాలన్నీ పట్టుకుపోయి వారం రోజులు మథించి, రంగురంగుల బొమ్మలతో నలభై పేజీల రిపోర్టు ఇచ్చాడు. దాని సారాంశం ఏమిటంటే: ‘సిబ్బందిలో తమకంటూ ఒక స్థానం కావాలన్న తీవ్రమైన ఆకాంక్ష ఉంది. ఇది నాయకత్వ లక్షణం. వీరికి వెంటనే శిక్షణ అవసరం.’ నలభై పేజీల్లో స్టూలు అన్న మాట ఒక్కచోట కూడా లేదు.

మొదటి ట్రైనింగ్ హిందూపురంలో, ఓ కల్యాణమండపం మేడ మీద హాల్లో పెట్టారు. రెండు రోజులు. దాసమ్మ, ఆమె పక్క కౌంటరు రూతమ్మ, మిగతా ధర్మవరం వాళ్లు పొద్దున్నే ప్యాసింజరు రైలెక్కారు. పెనుకొండలో గిరి బృందం ఎక్కింది. అందరూ దిగులుగానే ఉన్నారు. మామూలు రోజుల్లో నిలబడేది కాక, ట్రైనింగిచ్చి మరీ నిలబెడతారట. పుండు మీద కారం చల్లినట్టే కదా!

హాల్లో అడుగుపెట్టిన దాసమ్మ గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

కుర్చీలు! ఇరవై ఆరు కుర్చీలు! పెళ్లివారి కోసం కొన్న మెత్తటి కుర్చీలు, వెనక వీపుకు ఆసరా, తెల్లటి కవర్లు!

“ఇవి ఎవురికప్పా?” అని గిరిని అడిగింది.

“మనకేనంటక్కా.”

“తమాషా చేస్తాండావా?”

కాదు, నిజమే. దాసమ్మ మెల్లగా కూర్చుంది. ఎవరైనా వచ్చి లెమ్మంటారేమోనని కాసేపు కుర్చీ అంచునే ఉంది. ఎవరూ రాలేదు. అప్పుడు వెనక్కి వాలింది. పనిపూట కూర్చోవడం ఎలా ఉంటుందో మూడేళ్లలో మర్చిపోయింది కదా, ఒళ్లంతా ఝుమ్మంది. పక్కన రూతమ్మ అప్పటికే కళ్లు మూసుకుని దేవునికి స్తోత్రం చెబుతోంది.

బోర్డు మీద కోర్సు పేరు రాసి ఉంది: ‘నిలబడటం: ఒక కళ, ఒక కెరీర్’.

“నొప్పి కాళ్లలో ఇల్ల!” అన్నాడు చైతన్య, చెంప మీద మైకు సవరించుకుంటూ. “నొప్పి మైండ్‌లో ఉంది. గొత్తాయ్తా, అర్థమైందా? పాదాల మీద పడేది బరువు కాదు, అది బాధ్యత!”

ఇరవై ఆరుమందీ కుర్చీల్లో వెనక్కి వాలి, చప్పట్లు కొట్టారు. ఆయన పొద్దున్నుంచి సాయంత్రం దాకా అటూ ఇటూ తిరుగుతూ నిలబడటం గురించి చెప్పాడు. వీళ్లు పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చుని విన్నారు. నాలుగు గంటలప్పుడు దాసమ్మకు మనసు ఆగలేదు.

“పాపం, ఆ అబ్బోడు అప్పట్నించి నిలబడే ఉండాడు రూతమ్మా. ఎవురన్నా ఒగ కుర్చీ ఏయండి.”

ఐదేళ్ల తర్వాత మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారని చైతన్య ఒక్కొక్కరినీ అడిగాడు. “ఈడనే” అంది దాసమ్మ, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని. సంస్థ పట్ల ఇంత విధేయత తన సర్వీసులో చూడలేదన్నాడు చైతన్య.

రెండో రోజు సాయంత్రం రైలెక్కేటప్పుడు దాసమ్మ ఒక వింత గమనించింది. చెప్పులు వదులయ్యాయి. పాదాల వాపు తగ్గింది. ఇంటి మెట్లు గోడ పట్టుకోకుండా ఎక్కింది. ఇప్పుడు చెప్పండి, ట్రైనింగ్ పనిచేసిందా లేదా? డాక్టర్లు చేయలేని పని రెండు రోజుల్లో చేసి చూపించిందా లేదా?

ఫీడ్‌బ్యాక్ ఫారాల్లో ఇరవై ఆరుమందీ ఐదుకు ఐదు నక్షత్రాలు పెట్టారు. ‘ఇలాంటి శిక్షణ ఇంకా ఎన్ని రోజులుంటే బాగుంటుంది?’ అన్నదానికి దాసమ్మ ‘మీ దయ’ అని రాసింది.

ఆ ఫారాలు చూసి భరత్ కళ్లు చెమర్చాయి. “చూడు నాయనా, మనోళ్లకు ఎంత జ్ఞానదాహమో!” అని తండ్రికి చూపించాడు. లక్ష్మీనరసయ్య కళ్లజోడు పెట్టుకుని ఫారాలన్నీ చదివాడు. “ఆ స్టూలు సంగతి ఏమాయరా?” అని అడిగాడు. అప్పటికే భరత్ చైతన్యకు ఫోన్ కలిపేశాడు.

ఇక చూస్కోండి! రొట్టె విరిగి నేతిలో పడింది. ఒత్తిడి నివారణలో ట్రైనింగ్. సమయ పాలనలో ట్రైనింగ్. ఈమెయిల్ మర్యాదల్లో ట్రైనింగ్. దాసమ్మకు ఈమెయిల్ లేదు, ఉన్న ఫోను చిన్న బటన్ల ఫోను. అయినా ‘డియర్ సర్’ తర్వాత కామా పెట్టాలా వద్దా అనే అంశం మీద ఆమె మూడు గంటలు కదలకుండా కూర్చుంది. సందేహాలు అడగమంటే అడిగింది కూడా. సందేహం అడిగితే క్లాసు ఇంకో పావుగంట సాగుతుంది కదా!

అంతర్జాతీయ భోజన మర్యాదల ట్రైనింగ్ కూడా జరిగింది. ఈ ప్రాంతానికి తగ్గట్టు దాన్ని కస్టమైజ్ చేసి, రాగి సంగటి ఫోర్కుతో తినడం నేర్పించారు. ముద్దలో గుచ్చిన ఫోర్కు గుచ్చినట్టే నిటారుగా ఉండిపోయింది. “చూశారా, పవర్ స్టాన్స్, దిట్టంగా నిలబడటం అంటే అది!” అన్నాడు చైతన్య.

చిరునవ్వు మీద ఒక రోజు పూర్తిగా కేటాయించారు. కనురెప్ప ఆడించకుండా, పెదవి సడలకుండా అరగంట సేపు నవ్వాలి. కూర్చుని నవ్వమన్నారు కాబట్టి దాసమ్మ నలభై నిమిషాలు నవ్వింది. సభలో మాట్లాడే కళ ఒక్కటే ఎవరికీ నచ్చలేదు. అందులో లేచి నిలబడాలి.

ఆరు నెలలు తిరిగేసరికి ఆమెకు దళసరి అట్టకు అతికించిన పది సర్టిఫికెట్లు వచ్చాయి. ఓ ఆదివారం వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి చూసింది. రెండు వేళ్ల ఎత్తు కూడా రాలేదు. స్టూలంత ఎత్తు కావాలంటే ఇంకో రెండు వందల ట్రైనింగులు చేయాలని లెక్క తేలింది. ఆమె ధైర్యం కోల్పోలేదు.

కానీ మధ్యలో పరీక్ష వచ్చి పడింది. ఇన్ని ట్రైనింగులు ఇచ్చాం, ఎవరు ఎంత నేర్చుకున్నారో చూద్దామన్నాడు భరత్. యాభై ప్రశ్నలు. తప్పినవాళ్లకు మళ్లీ రెండు రోజులు రిఫ్రెషర్ ట్రైనింగ్!

ఈ షరతు వినగానే పెనుకొండ గిరి బుర్ర పాదరసంలా పనిచేసింది. హిందూపురం వాళ్లకు ముందే ఫోన్ చేసి, మిగతావాళ్లను పరీక్షకు పోయే రైల్లోనే కూడగట్టాడు.

“అందరూ తప్పు రాయండబ్బా! తప్పితే ఇంకా రెండ్రోజులు కూకోవచ్చు. పాసైనోళ్లు పోయి కౌంటరు కాడ నిలబడతారు. అర్థమాయనా? దాసమ్మక్కా, నీకే చెప్తాండా.”

“నాకు చెప్పల్లనా? నా మోకాళ్లు అప్పుడే తప్పు రాసేసినాయి” అంది దాసమ్మ. రైలుపెట్టె అంతా నవ్వింది.

ప్రశ్నపత్రం చేతికొచ్చింది. ఈసారి కస్టమైజ్ చేయడంలో చైతన్య చెయ్యి తిరిగిపోయింది. యాభై ప్రశ్నలూ పట్టుచీరల మీదే! ఆ ప్రశ్నలూ జవాబులూ అతనికి ఎవరు చెప్పారనుకున్నారు? టీ విరామాల్లో అతను అడుగుతుంటే దాసమ్మే చెప్పింది. అతను రాసుకున్నాడు.

మొదటి ప్రశ్న: చీర అసలు పట్టుదా కాదా ఎలా తెలుస్తుంది? ఒక దారం తీసి కాలిస్తే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ల మధ్య నలిగిపోతుంది. ఇది దాసమ్మకు తెలియనిదా? దాని కింద ‘ప్లాస్టిక్ వాసన వస్తుంది’ అన్న జవాబు కూడా ఉంది. దానికి టిక్కు పెట్టాలి. అంతే, రెండు రోజులు కుర్చీ.

పెన్ను దాని మీదికి పోయింది. అక్కడే ఆగింది.

ఈ కాగితం రేపు ఎవరైనా కొత్త పిల్ల చూస్తే? దాసమ్మక్క రాసింది కదా, నిజమే అనుకుంటే? ఏ ఓబులదేవరచెరువు నుంచో మనవరాలి పెళ్లికని వచ్చిన అవ్వకు ఆ పిల్ల నకిలీ చీర అంటగడితే? దాసమ్మ గిరి వైపు చూసింది. గిరి హుషారుగా తప్పుల మీద తప్పులు పెట్టుకుపోతున్నాడు. ఆమె చెయ్యి మాత్రం మాట వినలేదు. కావాలని అబద్ధమాడటం వేరు. పట్టు గురించి అబద్ధం రాయడం వేరు. ఇరవై రెండేళ్లలో ఆ పని ఎప్పుడూ చేయలేదు. తిట్టుకుంటూనే ఒప్పుకు టిక్కు పెట్టింది. ఒకదానికి పెట్టాక ఇంకొకదానికి తప్పు పెట్టడం ఇంకా కష్టమైంది.

ఫలితాలొచ్చాయి. ఇరవై ఐదుమంది ఫెయిల్. దాసమ్మకు యాభైకి యాభై!

“ఏమక్కా, నిజం రాస్తివా?” అని రూతమ్మ తల పట్టుకుంది. దాసమ్మకు ఏడుపొచ్చినంత పనైంది.

భరత్ ఆనందానికి పట్టపగ్గాలు లేవు. ధర్మవరం షోరూంలో సభ పెట్టి, శాలువా కప్పి, పదకొండో సర్టిఫికెట్ చేతికిచ్చి ప్రకటించాడు: ఇకమీదట బెంగళూరు ట్రైనర్ అక్కర్లేదు. ఇంతమంది ఫెయిలయ్యారు కాబట్టి రెండు రోజులు చాలవు, ప్రతివారం రిఫ్రెషర్ ట్రైనింగ్; ఇచ్చేది మన దాసమ్మక్కే! ఇదే కెరీర్ డెవలప్‌మెంట్ అంటే!

మీకు అప్పుడే అర్థమై ఉంటుంది. ట్రైనింగ్ షోరూం మేడ మీద పెట్టారు. టెంట్ హౌస్ నుంచి అద్దె కుర్చీలు ఆటోలో వచ్చాయి. సరిగ్గా ఇరవై ఐదు. ట్రైనింగ్ తీసుకునేవాళ్లు కూర్చోవాలి. ట్రైనర్ నిలబడాలి!

“చిన్న సావుకారీ, నేనూ కూకోని చెప్తా. పాఠం కూకున్నా వస్తాది కదా” అని అడిగింది దాసమ్మ.

“ట్రైనర్ కూర్చుంటే రూంలో ఎనర్జీ పడిపోతుందక్కా” అన్నాడు భరత్. వారానికి మూడు రోజులు మేడ మీద నిలబడటం, మిగతా రోజులు కింద కౌంటరులో నిలబడటం. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

మొదటి క్లాసులో చీర మడతల గురించి చెప్పింది. “మూన్నెల్లకొగసారి మడత మార్చల్లబ్బా. ఒగే మడత మీద ఏండ్లకేండ్లు పెడితే పట్టయినా సరే, ఆ మడత కాడ ఇరిగిపోతాది. చీరకైనా కొంచెం సుఖమియ్యల్ల.”

రూతమ్మ లేచి తన కుర్చీ ముందుకు జరిపింది. “కూకోక్కా” అంది. దాసమ్మ తలెత్తి కెమెరా వైపు చూసి, వద్దని చెయ్యి ఊపింది. సాయంత్రం కాగానే కుర్చీలు లెక్కపెట్టి ఆటోలో వేసి పంపేశారు.

ఇలా రెండు నెలలు గడిచాక, షోరూంలో ఒక ప్రమాదం జరిగింది.

వాచ్‌మన్ ఏసుదాసు బల్బు మార్చడానికి నిచ్చెన తెస్తూ, గుమ్మంలోని బొమ్మల్లో ఒకదానికి తగిలాడు. బొమ్మ కింద పడింది. మోకాలి దగ్గర చిట్లింది. ఇక నిలబడలేదు.

భరత్ కేబిన్ నుంచి పరుగెత్తుకొచ్చాడు. బొమ్మను పైకెత్తి, దుమ్ము తుడిచి, మోకాలు తడిమి చూశాడు. “అయ్యో, దీన్ని ఇంక నిలబెట్టకూడదు” అన్నాడు. గంటలో ఇంటి నుంచి టేకు కుర్చీ వచ్చింది. విరిగిన కాళ్లు ఊడదీసి, బొమ్మను అందులో కూర్చోబెట్టి, వీపు వెనక దిండు పెట్టి, నెమలికంఠం రంగు చీర కుచ్చులతో కింద అంతా కప్పేశారు. బొమ్మ హాయిగా వెనక్కి వాలింది.

దాసమ్మ కౌంటరు వెనక నిలబడి ఇదంతా చూసింది. తర్వాత మెల్లగా దగ్గరికి వచ్చింది.

“చిన్న సావుకారీ, ఈమెకు ట్రైనింగెప్పుడు?”

“బొమ్మకు ట్రైనింగ్ ఎందుకక్కా?” భరత్ నవ్వాడు. “దానికి మోకాలు పోయింది కదా!”

“అవును కదా” అంది దాసమ్మ. కానీ ఆ పూట ఎవరికీ చీర చూపించబుద్ధి కాలేదు.

మర్నాడు మధ్యాహ్నం బేరాలు లేని వేళ, బొమ్మకు చీర మార్చే పని ఆమెకే పడింది. నెమలికంఠం చీర విప్పింది. బొమ్మను కౌంటరు వెనక పడుకోబెట్టింది. కొత్త చీర, వంకాయ రంగుది, మడత విప్పి, ఎలా ఉంటుందో చూద్దామని అలవాటుగా తన ఒంటికే చుట్టుకుంది. కొంగు సర్దుకుంది. ఎదురుగా ఖాళీ కుర్చీ, మెత్తటి దిండు. మోకాళ్లు ఆమెను అడగలేదు. వాటంతట అవే వంగాయి.

దాసమ్మ కూర్చుంది. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది. చిరునవ్వు ట్రైనింగ్ గుర్తు తెచ్చుకుని, కనురెప్ప ఆడించకుండా నవ్వింది.

కేబిన్‌లో భరత్ తెర మీద పద్దెనిమిది కెమెరాలు చూస్తున్నాడు. గుమ్మంలో బొమ్మలు నాలుగూ ఉన్నాయి. మూడు నిలబడి, ఒకటి కూర్చుని. అంతా సవ్యంగానే ఉంది. పది నిమిషాలైంది. ఇరవై నిమిషాలైంది. రూతమ్మ, ఏసుదాసు నోళ్లకు చేతులు అడ్డం పెట్టుకుని చూస్తున్నారు.

అప్పుడు లోపలికొచ్చాడు లక్ష్మీనరసయ్య. రోజూ ఆ వేళకు కర్ర పొడుచుకుంటూ ఒకసారి వచ్చి పోతుంటాడు. బొమ్మ ముందు ఆగాడు. వంకాయ రంగు చీర చూశాడు. కుచ్చుల కింద నుంచి బయటికి కనిపిస్తున్న పాదాలు చూశాడు. వాచిన పాదాలు, అరిగిన మెట్టెలు.

బొమ్మ నవ్వుతూనే ఉంది. కానీ కళ్లలో నీళ్లు తిరిగాయి. నీళ్లు ఆపే ట్రైనింగ్ ఇంకా ఎవరూ ఇవ్వలేదు.

పెద్దాయన కెమెరాకు అడ్డంగా నిలబడి, భుజం మీది తువ్వాలు తీసి ఆ పాదాల మీద కప్పేశాడు. కేబిన్ దాకా వినబడేలా గట్టిగా అన్నాడు.

“ఏసుదాసూ! ఈ బొమ్మ బాగుండాదప్పా. దీన్ని ఎవురూ లేపొద్దండి!”

భరత్ కేబిన్ నుంచే బొటనవేలు ఎత్తి చూపించాడు. నాన్నకు ఇన్నాళ్లకు షోరూం నచ్చిందని పొంగిపోయాడు. ఆ ఉత్సాహంలో పెనుకొండకు ఒకటి, హిందూపురానికి ఒకటి, కూర్చునే బొమ్మలు పెట్టమని ఆర్డరేశాడు.

ఇప్పుడు మూడు ఊళ్లలోనూ గుమ్మంలో కుర్చీ ఉంది. దాని మీద పట్టుచీర కట్టుకున్న బొమ్మ ఉంటుంది. పొద్దున ఉన్న బొమ్మ మధ్యాహ్నం ఉండదు. పెనుకొండలో అయితే ఒక్కోసారి పట్టుపంచె కట్టి, మీసాలున్న బొమ్మ కూడా కనిపిస్తుంది. పైనున్న కెమెరాలకు మనిషేదో బొమ్మేదో ఇప్పటిదాకా తెలియలేదు. మనిషికీ బొమ్మకూ తేడా తెలియకుండా తీర్చిదిద్దాలంటే మాటలా! పదకొండు సర్టిఫికెట్లు ఊరికే పోయాయని ఇంకెవరైనా అంటే నేను ఒప్పుకోను.

మీరు ఎప్పుడైనా పెళ్లిచీరల కోసం ధర్మవరం పోతే, గుమ్మంలో కుర్చీలో కూర్చున్న బొమ్మ కనిపిస్తుంది. కట్టిన చీర ఎంత అని దాన్ని అడగకండి. బాగుందని కొంగు పట్టుకుని చూడకండి. చప్పుడు చేయకుండా పక్కనుంచి లోపలికి పోండి. ఇంకో ఐదు నిమిషాలు దాన్ని కూర్చోనివ్వండి.